మెఫీబోషెతు గాడిద



నూరేండ్ల పండుగలో కృతజ్ఞతకు కారణములు చాలా ఉన్నవి. 1841లో నోబిలు దొరగారు, ఫాక్సు దొరగారు బందరు వచ్చిన నాటినుండి జరిగిన సంగతులు మాకంటె పెద్దలు చెప్పారు. మాకు ఇచ్చిన అంశము గుడికి రాలేనివారిని గురించినది. పల్లెలో అంగవైకల్యముతో బ్రతికేవారి ఒంటరితనమును, వారి విసుగును గురించి మాట్లాడమన్నారు.

ఇటువంటి సందర్భములో మెఫీబోషెతు కథ చెప్పడము మనకు అలవాటు. యోనాతాను కుమారుడు, అయిదేండ్ల వయస్సులో దాది చేతిలోనుండి పడి కుంటివాడైనాడు, లోదెబారు అనే మారుమూల ఊరిలో ఒకరి యింట తలదాచుకున్నాడు. దావీదు అతనిని పిలిపించి తన బల్లయొద్ద కూర్చుండబెట్టాడు. సమూయేలు రెండవ గ్రంథము తొమ్మిదవ అధ్యాయము. ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసు. పందొమ్మిదవ అధ్యాయము వరకు వెళ్లేవారు మాత్రము తక్కువ.

అక్కడ జరిగినది ఏమనగా, అబ్షాలోము తిరుగుబాటులో రాజు యెరూషలేము విడిచి పారిపోయాడు. మెఫీబోషెతు వెంట వెళ్లాలనుకున్నాడు, గాడిద ఎక్కి వెళ్లవలసినవాడు. పనివాడు సీబా అతనిని ఇంటనే వదిలి, గాడిదలను తానే తోలుకొనిపోయి, యజమాని రాజ్యము మీద ఆశతో ఆగిపోయాడని రాజుకు కొండెము చెప్పాడు. రాజు తిరిగి వచ్చేవరకు మెఫీబోషెతు కాళ్ల సంగతి చూచుకోలేదు, గడ్డము కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. రాజు వచ్చీ రాగానే అడిగినది, నాతో ఎందుకు రాలేదని!

ఆ ప్రశ్న మన ఊళ్లలో ఇంకా వినిపిస్తున్నది. "ఏమయ్యా, గుడికి రావడము మానివేశావే?" అంటారు. అతని భక్తికి ఏమీ కాలేదు. గాడిద మరొకరి చేతిలో ఉన్నది, అంతే.

గుడివాడ పట్టణములో ఉన్నవారికి రైలు ఉన్నది, ఏరియా ఆసుపత్రి ఉన్నది, సందు చివర ఆటో దొరుకుతుంది. దివిసీమకు రైలే లేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి ఆ నేలను దీవి చేసినది. వానలు పడితే నల్లమట్టిలో మూడు చక్రముల బండి ఇరుసుదాకా దిగబడుతుంది. ఎదురుమొండి వంటి లంకలవారు పంటు ఎక్కి ఏరు దాటాలి. బస్సుకు రాయితీ పాసు ఇచ్చారు గాని బస్సు మెట్టు ఎత్తు తగ్గించలేదు. నాగాయలంకనుండి బందరు దాదాపు 50 కిలోమీటర్లు. కాళ్లున్నవారికి అది ఒక పూట పని. లేనివారికి ఇద్దరు మనుష్యుల కూలి, ఒక రోజు అన్నము, ఎత్తి దింపేవారి సహనము కావాలి.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. పరుగెత్తలేనివారి గతి, చెట్టు ఎక్కలేనివారి గతి ఏమైనదో ఊహించడానికి లెక్కలు అక్కరలేదు. తరువాత తీరమంతట తుపాను ఆశ్రయ భవనములు కట్టారు. నీరు అందకుండా స్తంభముల మీద ఎత్తుగా కట్టారు, మంచిదే. ఎక్కడానికి మెట్లు పెట్టారు. ఆ మెట్లను చక్రముల కుర్చీలో కూర్చున్నవారి ఎత్తునుండి ఒకసారి చూడండి.

పేర్లు చాలాసార్లు మారినవి. మన చిన్నతనములో వికలాంగులన్నారు, తరువాత విభిన్న ప్రతిభావంతులన్నారు, ఇప్పుడు దివ్యాంగులంటున్నారు. 2016 చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. సదరము పరీక్షలో 40 శాతము అని వ్రాయించుకొనినవారికి 2024 జూలైనుండి నెలకు 6,000 రూపాయలు పింఛను వస్తున్నది. ఇది చిన్న సంగతి కాదు. అన్నము కొరకు చేయి చాచవలసిన అవసరము చాలామందికి తగ్గినది. అయినా ఒక సహోదరి మాతో అన్నమాట వినండి: "అయ్యగారూ, ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేది ఒకటో తారీఖున మాత్రమేనండి."

చూడవచ్చినవారు మనిషిని ఎదురుగా పెట్టుకొని, "ఏమైనా తింటున్నాడా?" అని తల్లిని అడుగుతారు. అతనికి నడుము క్రిందనే జబ్బు, చెవులు బాగానే ఉన్నవి. నీళ్ల చెంబు మొదలు ఫోను చార్జింగువరకు ప్రతిదానికి ఒకరిని బ్రతిమాలుకోవాలి. అడిగీ అడిగీ చివరకు అడగడము మానివేస్తారు. మెఫీబోషెతు గడ్డము పెరిగినట్లే వీరికీ పెరుగుతుంది. ఇంటివారు దానిని బద్ధకమంటారు. కోపము వస్తే, "దేవుడు ఇచ్చినదానికి సణుగుతావా?" అని మనము వాక్యము తీసుకొని బయలుదేరుతాము.

ఈ మందలింపు న్యాయము కాదని మా అభిప్రాయము. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. దానిని ఎవరూ గ్రంథములోనుండి తీసివేయలేదు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతవరకు బాగానే ఉన్నది. నోరు తెరిచిన తరువాతనే చెడినది. ఇంటిలో ఉండిపోయిన మన సహోదరులకు చెప్పేది ఇది: మీ కోపమును దేవునియొద్ద దాచనక్కరలేదు. కాని దానిని గోడకు చెప్పుకోవద్దు, ఒక మనిషికి చెప్పండి. వారములో ఒక దినము, ఒక గంట, ఒక మనిషి అని ఏర్పాటు చేసుకోండి. ఎప్పుడో ఒకప్పుడు వస్తామనేవారికంటె బుధవారము నాలుగింటికి వస్తామనేవారు మేలు. ఎదురుచూడడానికి ఒక దినము ఉంటే మిగిలిన ఆరు దినములు నడుస్తవి.

సంఘస్థులకు చెప్పేది గాడిద సంగతి. కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకము 1981నుండి ఉన్నది. దాని క్రింద మూడు చక్రముల బండ్లు, కృత్రిమ అవయవములు, వినికిడి యంత్రములు ఇస్తారు. దరఖాస్తు వ్రాసిపెట్టేవారు, శిబిరమునకు తీసుకువెళ్లేవారు లేక చాలా ఇండ్లకు అవి చేరడము లేదు. యౌవనస్థులు క్రిస్మస్ తారకు పెట్టే శ్రమలో సగము దీనికి పెట్టవచ్చును. గడపనుండి రోడ్డువరకు నాలుగు బండ్ల కంకర తోలించడము కూడ పరిచర్యే. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చాలామంది కూర్చుండియే చేస్తారు. అటువంటి పని ఇంటికి తెచ్చి యిచ్చి, తయారైనది తిరిగి తీసుకువెళ్లే మనిషి ఉంటే కొందరి చేతులకు పని దొరుకుతుంది.

మరియొక సంగతి. వారికి ఏమి ఇవ్వాలా అని ఆలోచించినంతగా, వారినుండి ఏమి అడగాలా అని ఎవరూ ఆలోచించరు. సముద్రమునకు దగ్గరగా ఉన్న ఒక సంఘములో, ఊరి పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పము, చిన్నప్పుడు పోలియో వచ్చిన ఒక సహోదరుడున్నారు. మన దేశములో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది; ఈయనకు మాత్రము అంతకు ఎన్నో ఏండ్ల ముందే కాళ్లు పోయినవి. చాలాకాలము అరుగు దాటలేదు. అక్కడి పెద్దలు ఆయనకు ఒక పని అప్పగించారు. తుపాను హెచ్చరిక వస్తే సంఘములోని ప్రతి యింటికి ఫోను చేయడము, ముసలివారిని, గర్భిణులను, నడవలేనివారిని ముందుగా ఎవరు తీసుకువెళ్లాలో చీటీ వ్రాసి ఉంచడము. ఆ చీటీలో మొదటి పేరు ఆయనదే. ప్రక్కన ఆటో నడిపే కుర్రవాని పేరు.

అదే ఆటోలో ఇప్పుడు ఆదివారము గుడికి వస్తున్నారు. మొన్న ఒక హెచ్చరికనాడు పాస్టరుగారు ఫోను ఎత్తలేదట. మరుసటి ఆదివారము ఆరాధన అయిన వెంటనే, అందరి ఎదుట గట్టిగా మందలించారు.