మేడారమున మనము అతిథులము



మేడారపు జాతరను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా మీరు కోరితిరి. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఒక సూత్రము చిరకాలముగా తెలిసినది. ఎవరి సొత్తును గూర్చి తీర్పు చెప్పుదుమో, వారి మాట ముందుగా వినవలయును. ఈ జాతర విషయమున ఆ సూత్రమును మరచితిమేమో యని మా శంక.

రెండేండ్లకొకసారి, మాఘపూర్ణిమ దాపున, ములుగు జిల్లా తాడ్వాయి అడవులలో ఈ జాతర నాలుగు దినములు జరుగును. అచట గోపురము లేదు, విగ్రహము లేదు. బుధవారమున కన్నెపల్లినుండి సారలమ్మయు, పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును, కొండాయినుండి గోవిందరాజును గద్దెలకు వత్తురు. గురువారమున చిలుకలగుట్టనుండి సమ్మక్క కుంకుమభరిణ రూపమున విచ్చేయును. ఆ గుట్టపై కోయపూజారులు జరుపు క్రియ పరులకు గోప్యము. శనివారమున వనప్రవేశము. అంతకు ముందే గుడిమెలిగె, మండమెలిగె పండుగలతో వారు అమ్మల రాకకు ఊరిని సిద్ధపరచుకొందురు. మనకిది నాలుగు దినముల జాతర. వారికిది వంశపారంపర్యమైన వ్రతము.

1996లో ప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా గుర్తించినది. దారులు పడినవి, బస్సులు నడిచినవి, మంచినీరు, వైద్యశిబిరములు సమకూడినవి. పేదభక్తునకు ఇది మేలే, కాదనము. కాని ఆ దారివెంటనే విహారమును వచ్చినది. ఇటీవలి జాతరలలో హెలికాప్టరునుండి జనసముద్రమును చూపు ఏర్పాట్లు జరిగినవి. సారలమ్మను తెచ్చు పూజారి తమపైగా దాటిపోవలెనని, సంతానము కోరి స్త్రీలు తడిబట్టలతో నేలపై సాగిలపడుదురు. ఆ తల్లి మొగమునకు కెమెరా నానించువాడు ఆమె అనుమతి నడిగెనా? జాతర ముగిసిన పిదప అడవిలో మిగిలిన ప్లాస్టికుకుప్పలమధ్య బ్రదుకువా రెవరు?

బయటివారు రాకున్న జాతర కీ వైభవ మెక్కడిదని కొంద రందురు. ఎవరిని రావలదనుట మా మతము కాదు. బెల్లమును బంగారమని పిలిచి, నిలువెత్తు తూచి సమర్పించు లక్షలాది జనులలో అన్ని కులములవారును గలరు. అమ్మ అందరి తల్లియే. ఐనను, ఇంటి పెత్తనము ఇంటివారిది. గద్దెల రూపము, క్యూల దారి, అంగళ్ల దూరము, కెమెరా ఆగవలసిన హద్దు: వీనిని నిర్ణయించుటకు మొదటి హక్కు ఎవరిదను ప్రశ్నయే మన ముందున్నది.

చట్టము మౌనముగా లేదు. ఆ 1996లోనే పార్లమెంటు షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టమును చేసినది. తమ ఆచారసంప్రదాయములను కాపాడుకొను అధికారము గ్రామసభకు గలదని దాని 4వ విభాగము పలుకుచున్నది. కనుక ప్రతి జాతరకు ముందు ఏర్పాట్ల పత్రమును మొదట కోయపూజారుల యెదుటను, గ్రామసభ యెదుటను ఉంచవలయును. వారు వలదన్నది మానవలయును. కాగితమంతయు సిద్ధమైన పిదప చేయించు సంతకము సంప్రదింపు కానేరదు.

కరవుకాలమున కప్పము చెల్లింపలేని కోయలపై ఓరుగల్లు సేనలు వచ్చినవని జాతర కథ. సంపెంగవాగు జంపన్న నెత్తుటితో జంపన్నవాగైనదందురు. ఆనాడు రాజధాని వారిని కప్పమడిగినది. నేడు మన పట్టణములు వారి పండుగనే కప్పముగా గైకొనరాదు. బెల్లము తలనెత్తుకొని పోదము. మ్రొక్కు చెల్లించి, మన చెత్తను మనమే మోసికొని, వారి పెత్తనమును వారికి విడిచి మరలి వత్తము.