పాత కంప్యూటరును ఎన్నాళ్లు ఉంచుకొనవలెను?

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఇంటనున్న డెస్క్‌టాప్ కంప్యూటరును ఎన్నేండ్లకు మార్చవలెనని మనవారు పలువురు అడుగుచుందురు. అమ్మువారు మూడు నాలుగేండ్లు చాలునందురు; పెద్దలు అది పూర్తిగా పాడగువరకు మార్పవలదందురు. ఏండ్ల లెక్కను విడిచి, మూడు విషయములను విచారించి నిర్ణయించుకొనుట మేలని నా మనవి.

మొదటిది పని. మందగించిన యంత్రమెల్ల ముసలిది కాదు. మనది సిమెంటు కర్మాగారము గల ఊరు. చంద్రపూరు జిల్లాలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట కద్దు. లోపల దుమ్ము పేరుకొన్నచో వేడి బయటికి పోక యంత్రము నెమ్మదించును. ముందుగా దానిని శుభ్రము చేయింపుడు. పాత హార్డ్ డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. వేయించి, ర్యామ్ పెంచినచో స్వల్ప వ్యయముతో మరికొన్ని యేండ్లు పనిచేయును.

రెండవది భద్రత. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును, ఇంటెల్ వారిదైనచో ఇంచుమించు 8వ తరము లేక తరువాతి ప్రాసెసరును ఉండవలెను. భద్రతా సవరణలు అందని యంత్రముపై బ్యాంకు వ్యవహారములు నడపుట క్షేమము కాదు. ఉచితముగా లభించు లినక్స్ వేసికొన్నచో అదియే పిల్లల చదువునకు, వ్రాతపనికి ఇంకను ఉపకరించును.

మూడవది, మనకు మిక్కిలి ముఖ్యమైనది, తెలుగు. పెండ్లి పత్రికలు, వంశావళులు, సంఘ తీర్మానములు పూర్వము ‘అను’ ఫాంటులతో పేజ్‌మేకరులో కూర్చుట పరిపాటి. అందు తెలుగు అక్షరముల ముక్కలు ఇంగ్లీషు అక్షరముల సంకేతములపై నిలిచియుండును. ఆ ఫాంటు లేని కొత్త యంత్రమున అవి అర్థము లేని గీతలుగా కనబడును. యూనికోడులో తెలుగునకు 1991 నుండియే ప్రత్యేక స్థానము కలదు; అట్లు వ్రాసినది ఏ యంత్రముననైనను చదువవచ్చును. కావున పాత కంప్యూటరు పనిచేయుచుండగనే ఆ ఫైళ్లను యూనికోడులోనికి మార్చి, రెండు ప్రతులు వేర్వేరు చోట్ల భద్రపరుపుడు. మార్పిడిలో ఒత్తులు తారుమారగుట కలదు. మరాఠీ బడులలో చదివిన మన యువకులకు యంత్రము తెలియును. పెద్దలకు లిపి తెలియును. ఇరువురును కలిసి కూర్చున్నగాని ఈ పని నెరవేరదు.

తుదకు యంత్రమును వదలునపుడు, డిస్కులోని సమాచారమును పూర్తిగా చెరిపి, నమోదైన రీసైక్లింగు సంస్థకు ఒప్పగింపుడు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమములు దీనికొరకే యేర్పడినవి.

కొత్త యంత్రము కొనుటకు తొందర వలదు. పాతదానిలోని తెలుగు వ్రాతలను కాపాడుటకు జాగు వలదు.