భయం లేని చోటే కొత్త ఆలోచన
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరు దుకాణాలు, వర్క్‌షాపులు నడిపేవారు. ఎక్కువమంది ఒకరి దగ్గర పనిచేసేవారు. ఇరువురికీ పనికొచ్చే మాట ఒకటి మనవి చేస్తాం. మనసు కుదురుగా ఉన్న పనివాడికే కొత్త ఆలోచన తడుతుంది. తట్టినా, భయం లేకుంటేనే అది నోటి దాకా వస్తుంది.

హిజ్రీ 5వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 627లో, సుమారు 10,000 మంది సైన్యం మదీనా మీదికి వచ్చింది. కందకం తవ్వుదామని హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) సలహా చెప్పారు. ఆయన అరబ్బు కాదు, ఇరాన్ దేశస్థులు. అంతకు ముందు బానిసగా బతికినవారు. ఆ పద్ధతి అరబ్బులకు కొత్త. అయినా దైవప్రవక్త (స) దాన్ని స్వీకరించారు, స్వయంగా మట్టి మోశారు. మదీనా నిలిచింది.

అలా నోరు విప్పే ధైర్యం ఊరికే రాదు. చిన్నతనం నుంచి పదేళ్లు ప్రవక్తగారి సేవలో ఉన్న హజ్రత్ అనస్ (రజి), 'ఎందుకిలా చేశావు' అన్న గద్దింపు ఒక్కసారీ ఎరగనని చెప్పారు.

ఇప్పటి పరిశోధన కూడా ఇటే చూపుతోంది. అమెరికాలో ఆచార్య ఏమీ ఎడ్మండ్‌సన్ ఒక తయారీ కంపెనీలోని 51 బృందాలను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. తప్పు ఒప్పుకున్నా, ప్రశ్న అడిగినా చులకన కామన్న నమ్మకం ఉన్న బృందాలే ఎక్కువ నేర్చుకున్నాయని తేలింది. జపాన్‌లో టొయోటా వారు, లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి పని ఆపించే ఏర్పాటు చేశారు. తాడు లాగినవాణ్ణి తిడితే మరోసారి ఎవరు లాగుతారు?

మన షెడ్లలో ఏం జరుగుతోంది? బోల్టు వదులైందని కుర్రాడు చూస్తాడు. నిన్న గిరాకీల ఎదుట తిన్న తిట్లు గుర్తొచ్చి ఊరుకుంటాడు. నష్టం ఉస్తాద్‌కే! నిర్లక్ష్యాన్ని సహించమని మేము అనడం లేదు. దిద్దండి, కాని పక్కకు పిలిచి దిద్దండి. జీతం సకాలంలో ఇవ్వండి. ఇంటి అద్దె బెంగ ఉన్న తలలో ఉపాయానికి చోటెక్కడ? వారానికి ఒక్కసారి, 'ఏం మారిస్తే పని సులువవుతుంది బాబూ' అని అడగండి. మంచి ఉపాయం వస్తే, చెప్పినవాడి పేరు నలుగురిలో చెప్పండి.

వచ్చే ఏడు మనం కలిసేనాటికి, ఇన్షా అల్లాహ్, మన దగ్గర పనిచేసే ప్రతి కుర్రాడూ ఒక్క సలహా అయినా జంకు లేకుండా చెప్పి ఉండాలి. అల్లాహ్ మనకు ఆ ఓర్పు ప్రసాదించుగాక. ఆమీన్.