ఆట పిచ్చి: ఒక హాస్య చిత్రము

ఊరికి ఒకటి రెండు రేడియోలు మాత్రమే ఉన్న కాలమున, క్రికెట్టు వ్యాఖ్యానము వచ్చు దినమున రేడియో గల యింటి అరుగు ఆ యింటివారిది కాదు. నల్లమలపై నున్న అమ్రాబాదైనను, మహానగరమైనను ఈ పిచ్చికి భేదము లేదు. అమ్రాబాదు అడవుల నొరసి పారు కృష్ణకు దిగువన, నాగార్జునకొండలో ఒకప్పుడు బౌద్ధ విహారము లుండెను. అట్టి విహారములో భిక్షువులకే ఆట పిచ్చి పట్టినచో?

ఈ ఊహపై నడచిన హాస్య చిత్రము ‘ఫోర్పా’. ‘ది కప్’ అనియు దీనికి పేరు. భూటాను దేశీయుడగు బౌద్ధ గురువు ఖ్యెంత్సె నోర్బు దర్శకత్వమున 1999లో వెలువడినది. ఆస్కారు పోటీకి భూటాను పంపిన మొదటి చిత్రమిదియే.

కథ హిమాచల ప్రదేశమున, టిబెట్టు శరణార్థుల మఠమున జరుగును. నటులలో పెక్కురు నిజమైన భిక్షువులే. అది 1998 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల కాలము. ఒర్గ్యెన్ అను బాలభిక్షువు గది గోడలపై ఆటగాండ్ర బొమ్మలే. అతడు మిత్రులతో రాత్రివేళ దొంగతనముగా వెడలి, టెలివిజను చూచి పట్టుబడును. తుదిపోటీకి మఠమునకే టెలివిజను అద్దెకు తెత్తుమని పిల్లలు వేడుకొందురు. రెండు దేశములు అర్ధరాత్రి బంతికై పోరాడుటయేమి, గెలిచినవారికి లభించునదేమి అని వృద్ధ మఠాధిపతి అడుగును. ఒక కప్పు అని విని విస్తుపోవును, అయినను అనుమతించును.

చందాలు అద్దెకు చాలవు. టిబెట్టునుండి క్రొత్తగా వచ్చిన న్యీమా అను బాలుని యొద్ద తల్లి గురుతుగా ఒక గడియారమున్నది. ఒర్గ్యెన్ దానిని కుదువ పెట్టించును. మరునాటికి సొమ్ము చెల్లింపనిచో గడియారము దక్కదు.

జులై 12న పారిస్ చెంత జరిగిన ఆ పోటీ మనకు అర్ధరాత్రి దాటి 12.30కు మొదలైనది. జిదాన్ తలతో రెండు గోలులు చేసెను; ఫ్రాన్సు 3-0తో బ్రెజిలును గెలిచినది. కాని అంతగా ఎదురుచూచిన ఒర్గ్యెన్ మనసు ఆటపై నిలువలేదు. న్యీమా దుఃఖము చూడలేక లేచిపోయి, అమ్మదగినదేమున్నదో అని తన వస్తువులను వెదకసాగెను. క్రమశిక్షణ చూచు గెకో అది కనిపెట్టి, నీకు వ్యాపారము చేతకాదు, మంచి భిక్షువు కాగలవని చెప్పి, అప్పు సంగతి తాము చూచుకొందుమనును.

ఆట చూచుట తప్పని ఈ చిత్రము చెప్పదు. అందరితో కూడి చూచు వేడుకకు మూల్యము ఎవరు చెల్లించుచున్నారో చూడుమని మాత్రము నవ్వుచు చెప్పును. మన యిండ్లలో రేడియో చుట్టు పదిమంది చేరినపుడును, వారిలో ఒకడు మాట లేక లేచిపోయినచో, స్కోరు విడిచి వాని వెంట రెండడుగులు వేయుట మంచిది.