చీమ కనబడుతుంది, క్రిమి కనబడదు



పగలంతా పనిచేసి, రాత్రి పుస్తకం పట్టుకుని వచ్చారు. ఈ రోజు మన వంటింటి సంగతి మాట్లాడుకుందాం.

మన అనకాపల్లి బెల్లానికి పెట్టింది పేరు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మనదొకటి. బెల్లం ఉన్న ఇంట్లో చీమ ఉండకుండా ఉంటుందా? మరి చీమలు పడితే ఏం చేస్తాం? "మందు చల్లుతాం" అంటారు. మా అమ్మ కూడా అదే చేసింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా తమ్ముడు పాకే పిల్లాడు. అమ్మ బెల్లం డబ్బా చుట్టూ చీమల మందు చల్లింది. తమ్ముడు పాక్కుంటూ వెళ్లి ఆ పొడిలో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యే నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. నాన్న వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరు గారు "ఏం మందు?" అని అడిగారు. ఎవరికీ తెలీదు. డబ్బా ఇంట్లో ఉండిపోయింది. పక్కింటాయన సైకిలు మీద వెళ్లి తెచ్చారు. తమ్ముడు బతికాడు.

ఆ డబ్బా మీద "విషం. పిల్లలకు దూరంగా ఉంచండి" అని తెలుగులోనే ఉంది. కానీ అమ్మకు చదువు రాదు. "ఆ రెండు ముక్కలు చదవడం వచ్చుంటే అక్కడ చల్లేదాన్నా!" అని ఇప్పటికీ అంటుంది. నేను టీచరు ట్రైనింగు అయ్యాక ఈ రాత్రి బడికి వస్తున్నది అందుకే.

మీకిప్పుడు చదవడం వచ్చు. మందు కొంటే ముందు దాని మీద ఉన్నది చదవండి. పురుగు మందుల మీద, మూల మీద నిలబెట్టిన పలక లాంటి బొమ్మ ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అన్నిటికన్నా ఘోరమైన విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని నోట్లోకి పోతే మంచిదని కాదు.

పొరపాటున పిల్లలు మందు మింగితే బలవంతంగా వాంతి చేయించకండి. చేతులు, మూతి కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108కి ఫోను చేయండి. మందు డబ్బా కూడా పట్టుకెళ్లండి.

అసలు తిండి దగ్గర మందెందుకు? చీమ నడిచిన దారంతా వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకునే మిగతావి బారు కడతాయి. సబ్బు నీళ్లతో ఆ దారి తుడిచేయండి. వాసన పోతే బారు చెదిరిపోతుంది. చీమలు వచ్చే కన్నం సిమెంటుతో పూడ్చండి. వానాకాలం బెల్లానికి చెమ్మ ఎక్కుతుంది. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టండి. డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టడం మన అమ్మమ్మల నాటి పద్ధతి. మంచిదే. కానీ ఆ నీళ్లు నిలవ ఉంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి, పళ్లెం అంచు తోమండి. గుడ్లు అంచుకే అంటుకుంటాయి.

ఇక నీళ్ల మాట. బిందెలో చీమ పడితే నీళ్లు పారబోస్తాం. తేటగా ఉంటే గటగటా తాగేస్తాం. విరేచనాలు పట్టించే క్రిమి మాత్రం తేట నీళ్లలోనూ ఉంటుంది. అది కంటికి కనబడదు.

నీళ్లు వడకట్టడం మంచిదే. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్లు పాత నేత చీర నాలుగు నుంచి ఎనిమిది మడతలు పెట్టి చెరువు నీళ్లు వడకట్టారు. అక్కడ కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో శాస్త్రవేత్తలు రాశారు. కొత్త చీర కన్నా పాత చీరే మేలట. ఉతికి ఉతికి నూలు మెత్తబడి సందులు చిన్నవవుతాయి. కానీ తగ్గింది సగమే, గుర్తుంచుకోండి. మిగతా సగానికి మరిగించాలి. నీళ్లు కుతకుతా మరిగాక ఇంకో నిమిషం పొయ్యి మీద ఉంచండి. చల్లార్చి మూత పెట్టండి. కాడ ఉన్న గరిటెతో ముంచండి. చెయ్యి పెట్టకండి.

ఇంట్లో ఫిల్టరు ఉన్నా జాగ్రత్త కావాలి. లోపలి తెల్ల క్యాండిలుకి జిగురు పడుతుంది. దాన్ని సబ్బు లేకుండా మెత్తని బ్రష్షుతో కడగండి. బీట పడితే మార్చండి. క్యాండిలు అన్ని క్రిముల్నీ ఆపలేదు. కాబట్టి వానాకాలంలో ఆ నీళ్లూ మరిగించండి.

చీమని చూసి విషం చల్లుతాం. క్రిమిని చూడలేక ఊరుకుంటాం. ఈ రెండూ మార్చుకుందాం.

ఈ రాత్రి ఒక్క పని చేయండి. ఇంట్లో ఉన్న మందు డబ్బా తీసి, దాని మీది అక్షరాలు చదవండి. చదివాక పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. ఏం రాసుందో రేపు వచ్చి నాకు చెప్పండి.

సెలవు.