బ్రెస్ట్ గ్రోత్ పొడి వాడుతూ హార్మోన్ బ్యాలెన్స్ చేసుకోవచ్చా?

ఈ టాపిక్ బయటికి అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, పర్లేదు.

రేపల్లె నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. వయసు 20. "అక్కా, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఫోన్‌లో యాడ్ చూసి బ్రెస్ట్ గ్రోత్ పౌడర్ తెప్పించుకున్నా. రెండు నెలలుగా పీరియడ్ రాలేదు. హార్మోన్ బ్యాలెన్స్‌కి ఇంకేం పొడి కలపాలి?" అని. తెనాలి, బాపట్ల వైపు నుంచి కూడా ఇలాంటివే అడుగుతున్నారు.

చెల్లీ, ఇంకేమీ కలపొద్దు. ఉన్నదాన్ని కూడా ఆపెయ్యి. కానీ డబ్బా పారెయ్యకు, ఎందుకో చెప్తా.

రొమ్ములో ఉండేది కొవ్వు, పాలగ్రంథులు, నాళాలు. సైజు ఎక్కువగా వంశాన్ని బట్టి, ఒంటి బరువును బట్టి ఉంటుంది. ఒకటి కొంచెం చిన్నగా ఉండటం కూడా మామూలే. సైజు చిన్నగా ఉందంటే హార్మోన్ తక్కువగా ఉందని కాదు. పీరియడ్స్ సరిగ్గా వచ్చే అమ్మాయికి మామూలుగా ఈస్ట్రోజన్ సరిపడానే ఉంటుంది. అది కూడా నెలంతా ఒకే లెవెల్లో ఉండదు, వారం వారం మారుతుంది. మరి యాడ్ వాళ్లు దేన్ని బ్యాలెన్స్ చేస్తున్నట్టు?

ఈ డబ్బాల మీద కనపడే పేర్లు మెంతులు, శతావరి, సోంపు. వీటిలో ఈస్ట్రోజన్‌ని కొంచెం పోలిన పదార్థాలు ఉంటాయి. సోయాలోనూ ఉంటాయి. వాటివల్ల సైజు పెరుగుతుందని నమ్మదగ్గ రుజువు మాత్రం లేదు. పులుసులో మెంతులు మానక్కర్లేదు, అమ్మ తిడుతుంది! రోజూ చెంచాల కొద్దీ పొడి మింగడం వేరు. షుగర్ మందులు వాడేవాళ్లకి షుగర్ మరీ పడిపోవచ్చు. వేరుశనగ పడనివాళ్లకి మెంతులు కూడా పడకపోవచ్చు.

నా అసలు భయం మెంతులతో కాదు, లేబుల్ లేని పొడితో. ఒళ్లు వస్తుందని అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలపడం కొత్తేమీ కాదు. అది తింటే ఆకలి పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. జాకెట్ బిగుతైతే "పనిచేస్తోంది" అనుకుంటాం! పీరియడ్స్ కూడా తప్పొచ్చు. అందుకే డబ్బా డాక్టర్‌కి చూపించాలి. ఆపాక బాగా నీరసం, వాంతులు, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఏమేం కలిపారో రాసి లేకపోతే అది ఆయుర్వేదం అని ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇంకో మాట. స్త్రీల రొమ్ము ఆకారం మారుస్తామని మందుకి యాడ్ ఇవ్వడం మన దేశంలో నేరం. 1954 నాటి చట్టం, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ యాక్ట్. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయినా రీల్స్ మధ్యలో వస్తూనే ఉన్నాయి. మన ఊళ్ల పేర్లు వేసి మరీ!

ఇక పీరియడ్ సంగతి. రెండు నెలలు రాలేదంటే ముందు, అవకాశం ఉంటే, ప్రెగ్నెన్సీ టెస్ట్. ఇందులో తప్పుపట్టేదేం లేదు, ఏ డాక్టరైనా మొదట అదే అడుగుతారు. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్త పరీక్షలు, అవసరమైతే పీసీఓడీ కోసం స్కాన్. తిండి బాగా తగ్గించినా, టెన్షన్ పడినా పీరియడ్ ఆగుతుంది. సంబంధాలు చూసే రోజుల్లో ఈ రెండూ ఉంటాయి కదా. థైరాయిడ్ అయితే దానికి మాత్ర ఉంది. పొడి తింటూ కూర్చుంటే ఆ మాత్ర మొదలయ్యేది ఆలస్యం అవుతుంది, అంతే.

రొమ్ములో గడ్డ తగిలినా, పిల్లలు లేకుండానే చనుమొన నుంచి పాలలాగా కారినా ఇంకా త్వరగా వెళ్లాలి.

రేపల్లెలో తెలిసినవాళ్లు చూస్తారని మొహమాటమా? ప్యాసింజర్ ఎక్కి తెనాలి జిల్లా ఆసుపత్రికి వెళ్లు. ఓపీలో స్త్రీల డాక్టర్ ఎక్కడో అడుగు. చివరి పీరియడ్ వచ్చిన తేదీ ఫోన్‌లో రాసుకో, డబ్బా సంచిలో పెట్టుకో. ఏం చెప్పారో నాకు మెసేజ్ చెయ్యి చెల్లీ.