బడి వెలుపలి చదువునకు బొక్కసము తెరువవలెను

(తెనాలి, బాపట్ల, రేపల్లె పఠనమందిరములలో చదువుటకై వ్రాసిన యుపన్యాసము)



నిజాంపట్టణపు రేవున తండ్రితో వేటకు పోవు బాలుడును, మిరపకాయల కోతకై ఊరూరు తిరుగు కుటుంబములోని బాలికయు, చీరాలలో మగ్గము కడ పెరిగిన చేనేతవాని బిడ్డయు ప్రతిదినము వేళకు బడిగంట నందుకొనలేకపోవుట వారి నేరము కాదు. అట్టివారికి వేరొక తెన్నున చదువు చెప్పుటయే ప్రత్యామ్నాయ విద్య. ఈ విద్యకు నియమములు వ్రాయుటయందు ప్రభుత్వమునకు గల శ్రద్ధ, ధనమిచ్చుటయందును గలదా యనునది నేటి మన విచారణ.

ధనమును నియమమును ముడివేయుట మనకు క్రొత్తగాదు. 1854లో వెలువడిన ఉడ్ దొరగారి విద్యాపత్రము ప్రైవేటు బడులకు గ్రాంటులిచ్చుచు, ఇన్‌స్పెక్టర్లచే వానిని తనిఖీ చేయింపవలెననెను. గ్రాంటు పుచ్చుకొన్న బడి సర్కారు చెప్పుచేతలకు లోబడెను. ఆ బంధము వలదనియే 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. 1922లో గుంటూరున ఉన్నవ దంపతులు శారదా నికేతనమును నెలకొల్పి స్త్రీలకు చదువును చేతిపనులను నేర్పించిరి. దాతల చలువచే నడచిన యా సంస్థలకు మనము చేతులెత్తి మ్రొక్కుదము. కాని దాత చేయి సడలిన నాడు బడి యేమగును? 1937లో వార్ధాయందు పుట్టిన మూలవిద్యా ప్రణాళిక చేతిపని రాబడితో బడి తన ఖర్చును తానే గడపుకొనగలదని యాశించెను. బిడ్డ వడికిన నూలుతో ఉపాధ్యాయుని జీతము గడచుట న్యాయమా యని యప్పుడే యడిగినవారు కలరు. ఆ ప్రశ్న నేటికిని చల్లారలేదు.

స్వరాజ్యము వచ్చినది. 1950 నాటి రాజ్యాంగము 14 ఏండ్ల వరకు బిడ్డలందరికిని పది సంవత్సరములలో ఉచిత నిర్బంధ విద్య సమకూర్ప యత్నింపుమనెను. గడువు గడచినది, పని గడవలేదు. 1979-80లో మన రాష్ట్రముతో కూడ విద్యలో వెనుకబడిన తొమ్మిది రాష్ట్రములలో అనియత విద్యా కేంద్రములు తెరచిరి. బోధకునకు స్వల్ప గౌరవవేతనము. బిడ్డకు దినమునకు కొలది గంటల చదువు. పేదవానికి చౌకచదువు చాలునను భావము దాని వేరులోనే యుండెను. మఱియొక తెన్ను రంగారెడ్డి జిల్లాలో కనబడెను. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు పని మాన్పించిన బిడ్డలను శిబిరములలో నుంచి, చదువునందుకొనునట్లు చేసి, తిరిగి సర్కారుబడికే పంపిరి. ఆ కృషికి శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను. వేరుబడి బిడ్డను బడికి చేర్చు వంతెన కావలెనే గాని, బడినుండి తప్పించు పెరటిదారి కారాదు. మేము గ్రహించిన పాఠమిదియే.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఈ వంతెనను హక్కుగా మార్చినది. దాని 4వ సెక్షను ప్రకారము బడి మానిన బిడ్డను వయసునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ మీయవలెను. అట్లు చేరిన బిడ్డ 14 ఏండ్లు దాటినను ప్రాథమిక విద్య, అనగా 8వ తరగతి, ముగియువరకు ఉచితముగా చదువవచ్చును. శిక్షణకు కనీసము మూడు నెలలు, గరిష్ఠము రెండు సంవత్సరములని 2010 నాటి కేంద్ర నియమములు తెలిపినవి. ధనభారము కేంద్రమునకును రాష్ట్రమునకును ఉమ్మడి యని 7వ సెక్షను చెప్పుచున్నది. ఇంతవరకు బాగుగనే యున్నది.

చిక్కు 14 ఏండ్లు దాటినపిమ్మట మొదలగును. చట్టముచే నిశ్చితమైన ఉచిత విద్య యచట నాగును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టమో, 14 దాటినవానిని అపాయకరములు కాని పనులలో పెట్టుకొననిచ్చుచున్నది. చదువు తలుపు మూసికొనిన యేటనే పనితలుపు తెరచుకొనుచున్నదన్నమాట! ఆ వయసువానికి మిగిలినది సార్వత్రిక విద్యాపీఠము. 1991లో మన రాష్ట్రమున స్థాపింపబడిన యీ సంస్థ 2008-09లో పదవ తరగతిని, 2010-11లో ఇంటర్మీడియేటును మొదలిడెను. 14 ఏండ్లు నిండినవాడు పూర్వము బడిలో చదివినను చదువకున్నను పదవ తరగతికి చేరవచ్చును. ఇది మెచ్చదగిన యేర్పాటు. కాని ప్రవేశపు రుసుము, పరీక్ష రుసుము విద్యార్థియే చెల్లింపవలెను. కొందరికి తగ్గింపులున్నను, సర్కారు హైస్కూలులో ఉచితముగా దొరకు చదువు ఇచట మాత్రము వెలకు దొరకుచున్నది. వేళకు బడికి రాగలిగినవానికి ఉచితము, కూలికి పోవువానికి రుసుము! ఇది యే ధర్మము?

కేంద్రప్రభుత్వము 2021-26 కాలమునకు సవరించిన సమగ్ర శిక్షా పథకములో దీనికి కొంత మందు వేసెను. బడి వెలుపలనున్న 16 మొదలు 19 ఏండ్ల వెనుకబడిన వర్గముల యువకులు సార్వత్రిక విద్యాలయముల ద్వారా చదువు ముగించుటకు తరగతికి రూ. 2000 వరకు సహాయ మీయవచ్చుననెను. మంచిదే. మరి 14, 15 ఏండ్లవాని గతి యేమి? హక్కు 14తో నాగెను, సహాయము 16తో మొదలయ్యెను. బిడ్డ పనిలో స్థిరపడి చదువు మరచునది ఆ నడిమి రెండేండ్లలోనే గదా!

బడికి రానివానికి ధనమిచ్చిన దొంగలెక్కలు పుట్టునని కొందరందురు. ఈ భయము నిరాధారము కాదు. దానికి మందు నియమమే గాని బొక్కసము బిగించుట గాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున సర్కారుబడుల యాజమాన్యములు తరగతిగది వెలుపల చదువు చెప్పి ప్రభుత్వధనము పొందుటకు మూడు షరతులు గలవు. ప్రతి విద్యార్థికి వ్రాతమూలకమైన చదువు ప్రణాళిక యుండవలెను. అర్హతగల ఉపాధ్యాయుడు వారమువారము వానితో మాటలాడవలెను. నెలనెల వాని యభివృద్ధిని పరిశీలింపవలెను. ఐనను కొరత వచ్చిన 2011లో ఆ రాష్ట్రము ఈ చదువుల ధనమునకు కత్తెర వేసెను. ఎచ్చటనైనను కరవునాడు మొదట తెగునది వేరుబడి కూడే. కావున సహాయము దయగా గాక, చట్టముగా నుండవలెను.

మేము కోరునవి నాలుగు. 14 ఏండ్లు నిండినది మొదలు సార్వత్రిక విద్యలో రుసుము లుండరాదు. బోధకునకు గౌరవవేతనము గాక తగిన జీతము దొరకవలెను. నెలసరి యభివృద్ధి లెక్క అందరికిని కనబడవలెను. ఏనాడైనను రెగ్యులరు బడికి మరలివచ్చు తలుపు తెరచియుండవలెను. 2022 ఏప్రిల్ 4 మొదలు బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోను, తెనాలి గుంటూరు జిల్లాలోను ఉన్నవి. రేపల్లెనుండి తెనాలికి కూలికి వచ్చిన కుటుంబపు బిడ్డ జిల్లా మారినంతనే లెక్కలనుండి జారిపోరాదు. వాని చదువు చిట్టా వాని వెంట నడువవలెను.

ప్రభుత్వమును నిలదీయుటతో మన పని తీరదు. వేటపాలెములో 1918 నుండి సారస్వత నికేతనము దీపము వెలిగించుచునే యున్నది. 1929లో గాంధీగారు దాని భవనమునకు శంకువు వేసిరి. గ్రంథాలయము పెద్దలు పత్రిక చదువుకొను చోటు మాత్రమే కాదు. ఆదివారము రెండు గదులను బడి మానిన పిల్లల చదువునకు విడువలేని పఠనమందిరము మన మూడు పట్టణములలో నుండరాదు. తమ పేటలో 14 దాటి బడి వెలుపల నున్న బిడ్డలెందరో లెక్క వ్రాసి, ఆ పట్టికను విద్యాధికారికిని శాసనసభ్యునకును పంపుడు. పేరులు లేని కష్టమునకు పద్దు వ్రాయుట ప్రభుత్వమునకు తెలియదు. పేర్ల పట్టిక చేతికందినపిమ్మట తెలియదనుటకు వీలులేదు.